డైనింగ్ రూమ్‌ను పెద్దవాళ్ల గదిగా మార్చడం ఎలా? విశాఖ ఇళ్ల కోసం సమగ్ర మార్గదర్శి

మధురవాడ, ఎండాడ, సాగర్‌నగర్ వైపు కట్టిన డూప్లెక్స్ ఇళ్లలో దాదాపు ఒకటే ప్లాను కనిపిస్తుంది. కింద హాలు, వంటగది, వాటి మధ్య డైనింగ్ రూమ్. పడకగదులన్నీ మేడ మీద. వాల్తేరు అప్‌లాండ్స్, లాసన్స్ బే కాలనీల్లోని పాత ఇళ్లలోనూ డైనింగ్ రూమ్ విడిగా ఉన్నవి చాలా ఉన్నాయి. ఇల్లు కట్టుకున్న రోజుల్లో అమ్మానాన్నలు చకచకా మెట్లెక్కేవారు. ఇప్పుడు మోకాళ్లు పట్టేస్తున్నాయి. మేడ దిగాలంటే పక్కన మనిషి ఉండాలి. అందుకని చాలా ఇళ్లలో పెద్దవాళ్లు హాల్లో దివాన్ కాట్ మీదికి మారిపోతున్నారు. టీవీ మోగుతూనే ఉంటుంది, వచ్చేపోయేవాళ్లు ఆగరు, చీర మార్చుకోవాలంటే బాత్రూమ్‌లోకి దూరాలి. "నాకెందుకురా మళ్లీ వేరే గది, ఇక్కడే బాగుందిలే" అంటారు. ఆ మాట పట్టుకుని ఊరుకోకండి. మన చేత ఖర్చు పెట్టించడం ఇష్టం లేక అనే మాట అది.

అదే ఇంట్లో ఆరు కుర్చీల టేబుల్ ఉన్న గది రోజులో గంటో గంటన్నరో తప్ప ఖాళీ. టేబుల్ మీద ఇస్త్రీ బట్టలు, కొరియర్ కవర్లు, పాత పేపర్లు పేరుకుపోతుంటాయి. ఆ గదిని వాళ్లకు ఇవ్వొచ్చు. పైగా దానికో గొప్ప గుణం ఉంది: అది ఇంటికి నడిమధ్యలో ఉంటుంది. వంటగదిలో ఏం జరుగుతోందో, గేటు దగ్గర ఎవరొచ్చారో మంచం మీద కూర్చునే తెలుస్తుంది. పెద్దవయసులో ఒంటరితనం ఎంత కుంగదీస్తుందో చూసినవాళ్లకు దీని విలువ చెప్పక్కర్లేదు. కాబట్టి చేసే ప్రతి మార్పునూ ఒక్క ప్రశ్నతో సరిచూసుకోండి. రాత్రి తలుపు వేసుకుంటే వాళ్లకు ఏకాంతం దొరకాలి, పగలు తలుపు తీస్తే ఇంటి సందడి అందాలి. ఈ రెండూ కుదురుతున్నాయా?

ముందుగా: ఈ గది పనికొస్తుందా?

టేపు తీసుకుని నాలుగు విషయాలు చూడండి.

మొదటిది బాత్రూమ్. గదిలోంచి పది పన్నెండు అడుగులు వేస్తే బాత్రూమ్ చేరాలి, మధ్యలో మెట్టు ఉండకూడదు. చాలా డూప్లెక్సుల్లో మెట్ల కింద చిన్న టాయ్‌లెట్ ఉంటుంది. లోపల వాలుగా ఉన్న సీలింగు తలకి తగలకుండా నిలబడగలరా, స్నానానికి చోటుందా చూడండి. కింద బాత్రూమే లేకపోతే ముందు దాని సంగతి తేల్చండి. అది తేలకుండా గది మార్చి లాభం లేదు.

రెండోది దారి. హాల్లోంచి వంటగదికి వెళ్లే దారి డైనింగ్ రూమ్ మీదుగా మాత్రమే ఉంటే గది మొత్తం మూసేయలేరు. ఒక గోడ వెంబడి మూడు, మూడున్నర అడుగుల దారి వదిలి మిగతాది గదిగా కట్టుకోవాలి. అప్పుడు మిగిలే చోటు చాలుతుందా అన్నది అసలు ప్రశ్న.

మూడోది కొలత. జాతీయ భవన నియమావళి నివాసగదికి 9.5 చదరపు మీటర్లు, అంటే సుమారు 102 చదరపు అడుగులు ఉండాలంటుంది. వెడల్పు కనీసం 2.4 మీటర్లు, దాదాపు 8 అడుగులు. ఒక గది ఆ కొలతలో ఉన్న ఇంట్లో రెండో గది 7.5 చదరపు మీటర్లున్నా ఫర్వాలేదు. 10 అడుగులకు 10 అడుగుల డైనింగ్ రూమ్‌లో ఒక సింగిల్ మంచం, చిన్న బీరువా, ఒక కుర్చీ హాయిగా పడతాయి. డబుల్ కాట్ వేస్తే నడిచే చోటు పోతుంది. ఇద్దరూ ఉంటే రెండు సింగిల్ మంచాలు ఎల్ ఆకారంలో వేయడం నయం. రాత్రి ఒకరు లేస్తే రెండోవారికి నిద్ర చెడదు.

నాలుగోది కిటికీ. మనలాంటి ఉక్కపోత ప్రాంతాలకు నేల వైశాల్యంలో ఆరో వంతు కిటికీలు, తలుపుల రూపంలో గాలి వచ్చే జాగా ఉండాలన్నది లెక్క. 110 చదరపు అడుగుల గదికి సుమారు 18 చదరపు అడుగులు, అంటే నాలుగున్నర అడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తున్న కిటికీ. బయటి గోడ అసలు లేని డైనింగ్ రూములు అపార్ట్‌మెంట్లలో కనిపిస్తాయి. అలాంటి గదిని నేను పడకగదిగా మార్చమనను. ఏసీ పెట్టినా కరెంటు పోయిన పూట ఊపిరాడదు.

భోజనం ఎక్కడ చేస్తారో తేల్చుకోండి

ఈ ఒక్క విషయం తేల్చకుండా పని మొదలుపెట్టిన ఇళ్లలో నెల తిరక్కుండానే అందరూ సోఫాలో కంచాలు ఒళ్లో పెట్టుకుని తింటుంటారు, పెద్దవాళ్ల కంచం మాత్రం వాళ్ల గదిలోకి వెళ్తుంది. గది ఇచ్చి పంక్తిలోంచి తీసేసినట్టవుతుంది. అలా జరగనివ్వకండి.

పాత టేబుల్ హాల్లో పడుతుందేమో ముందు చూడండి. సోఫా సెట్‌లో ఒక ముక్క తీసేస్తే నాలుగు కుర్చీల టేబుల్‌కు చోటు వస్తుంది. ఆరు కుర్చీల టేకు టేబుల్ అమ్మితే వచ్చేది తక్కువే. మంచి వడ్రంగి దొరికితే దాన్నే కోసి నలుగురి టేబుల్ చేసి, మిగిలిన చెక్కతో గోడవారన బెంచీ చేసిస్తాడు. గోడకి మడిచే టేబుల్ కూడా ఉపయోగమే. కానీ రోజుకి మూడుసార్లు దించాలి ఎత్తాలి అంటే కొన్నాళ్లకి ఎవరూ ఎత్తరు, అలాగే ఉండిపోతుంది. పెద్దవాళ్ల కుర్చీకి మాత్రం చేతులు ఉండాలి. లేవడానికి అవే ఆధారం.

కొన్నాళ్లు ఊరికే గమనించండి

మేస్త్రిని పిలిచే ముందు ఒక వారం వాళ్లు ఎలా తిరుగుతున్నారో చూడండి. దేన్ని పట్టుకుని లేస్తున్నారు, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు, ఎక్కడ ఆగి ఊపిరి తీసుకుంటున్నారు.

బాత్రూమ్‌కి వెళ్లే దారిలో గోడ మీద కన్నేయండి. నడుము ఎత్తులో ఓ చోట రంగు మాసి, వేళ్ల ముద్రలు సన్నటి చారలా సాగి ఉంటాయి. తలుపు ఫ్రేము అంచున కూడా చెయ్యి పడి పడి నున్నగా మెరుస్తుంటుంది. మా అత్తయ్యగారి దారిలో ఆ మరక వాష్ బేసిన్ దగ్గర మొదలై మెట్ల గోడ మలుపు దాకా ఉండేది, మలుపు దగ్గర మరీ నల్లగా. ఏ ఇంజినీరూ గీయలేని డ్రాయింగ్ అది. చేతికి ఆసరా ఎక్కడ కావాలో ఆ మరక చెబుతుంది. దానికి సున్నం కొట్టించేలోపే ఫోటో తీసి పెట్టుకోండి. హ్యాండ్ రైల్ సరిగ్గా అక్కడే రావాలి. మధ్యలో తెగిపోకుండా మలుపు తిరిగి బాత్రూమ్ దాకా సాగాలి.

ఎత్తు కూడా వాళ్ల ఒంటి కొలతతోనే. చెప్పులు వేసుకుని నిటారుగా నిలబడి చెయ్యి కిందికి వదిలితే మణికట్టు ఎక్కడికి వస్తుందో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టండి. మనిషి పొడవును బట్టి 28 నుంచి 34 అంగుళాల మధ్య వస్తుంది. గుండ్రటి గొట్టం, ఒకటింబావు నుంచి ఒకటిన్నర అంగుళాల మందం, గోడకీ దానికీ మధ్య రెండంగుళాల ఖాళీ. వేళ్లు చుట్టూ తిరిగి పట్టు దొరకాలి.

డైనింగ్ టేబుల్ తీసేసే ముందు ఇంకొకటి చూడండి. ఇన్నాళ్లూ ఆ కుర్చీల వీపులు ఒక్కొక్కటే పట్టుకుంటూ వాళ్లు ఆ గది దాటేవారు. టేబుల్ పోయిన రోజున మధ్యలో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఆ దారిలో మంచం కాళ్లవైపు చెక్కో, బరువైన టేబులో, రైలో ఏదో ఒకటి ఉండాలి.

గోడ, తలుపు

ఉన్న గోడలు పగలగొట్టే ఆలోచన ఉంటే ముందు స్ట్రక్చరల్ ఇంజినీర్‌కి చూపించండి. "ఏం కాదండి, నాన్ లోడ్ బేరింగే, బరువు మోసే గోడ కాదు" అని మేస్త్రి అన్నంత మాత్రాన సరిపోదు. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార లాంటి చోట్ల పాత ఇళ్లలో పిల్లర్లు లేకుండా గోడల మీదే స్లాబు నిలబెట్టినవి ఉంటాయి. వాటిలో తలుపు వెడల్పు చేయాలన్నా పైన లింటెల్, అంటే బరువు మోసే అడ్డదూలం వేసుకోవాలి. అపార్ట్‌మెంట్ అయితే అసోసియేషన్‌కి రాతపూర్వకంగా చెప్పి, పిల్లర్లు, బీములు, బయటి గోడల జోలికి వెళ్లకండి. అద్దె ఇల్లయితే గోడలు ముట్టుకోకుండా మందపాటి పరదా, మడిచే పార్టిషన్‌తో సరిపెట్టుకుని డబ్బంతా మంచం, లైట్లు, బాత్రూమ్ హ్యాండిళ్ల మీద పెట్టండి.

కొత్తగా అడ్డుగోడ కావాలంటే ఇటుకతో కట్టేయడం అలవాటు. పదడుగుల పొడవు, పదడుగుల ఎత్తు, నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ ప్లాస్టరింగుతో కలిపి రెండు టన్నులు దాటుతుంది. కింద బీము లేని చోట స్లాబు మీద అంత బరువు పెట్టకూడదు. కింది అంతస్తులో కూడా టైల్స్ కింద ఉన్నది నింపిన మట్టే కాబట్టి గోడ దిగి పగుళ్లు రావచ్చు. ఏఏసీ బ్లాకులు, అంటే లోపల గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు దిమ్మెలు, మామూలు ఇటుకలో మూడో వంతు బరువే ఉంటాయి. ఇంకా తేలిక కావాలంటే జిప్సమ్ బోర్డు. మన ఊళ్లో మామూలు తెల్ల బోర్డు వద్దు, తేమ తట్టుకునే ఆకుపచ్చ బోర్డు అడగండి. రెండు బోర్డుల మధ్య రాక్‌వూల్ (శబ్దాన్ని పీల్చుకునే రాతి దూది) నింపిస్తే మిక్సీ మోత, కుక్కర్ కూత బాగా తగ్గుతాయి. ఇక్కడొక ముఖ్యమైన మాట: జిప్సమ్ గోడకి హ్యాండ్ రైల్ బిగించాలంటే ఆ ఎత్తులో బోర్డు వెనక ప్లైవుడ్ పట్టీ ముందే పెట్టించాలి. తర్వాత బిగిస్తే మనిషి బరువుకి స్క్రూలతో సహా ఊడి వస్తుంది.

డైనింగ్ రూమ్‌కి చాలాచోట్ల తలుపే ఉండదు, ఆర్చి ఉంటుంది. ఆ వెడల్పు మనకి వరం. దాన్ని కట్టేసి చిన్న తలుపు పెట్టకండి. పైన రైలు మీద వేలాడే స్లైడింగ్ తలుపు పెట్టించండి. కింద పట్టా ఉండే రకం వద్దు, కాలు తట్టుకునేది అక్కడే. తలుపు పూర్తిగా తీశాక మిగిలే దారి మూడడుగులు ఉండాలి. ఈరోజు వీల్‌చెయిర్ అవసరం లేకపోవచ్చు, కానీ అది 25 నుంచి 27 అంగుళాల వెడల్పు ఉంటుంది, నెట్టే చేతులకీ చక్రం తిప్పే మోచేతులకీ చోటు కావాలి. తలుపులో కింద మూడున్నర అడుగుల వరకు చెక్క, ఆపైన పాలగాజు పెట్టిస్తే లోపల మనిషి కనిపించరు, వెలుతురు మాత్రం వస్తుంది. గాజు టఫెన్డ్, అంటే పగిలినా పదునైన ముక్కలు కానిది అయ్యుండాలి. లోపలి గడియ బయటనుంచి కూడా తీయగలిగేదే పెట్టండి.

వంటగది వైపు తలుపు లేకపోతే అక్కడా ఒకటి తప్పదు. ఎండుమిర్చి పోపు ఘాటుకి ఉబ్బసం ఉన్నవాళ్లు అల్లాడిపోతారు. వంటగది ఎగ్జాస్ట్ ఫ్యాన్ బయటికి లాగుతోందా లేదా, స్టవ్ వెలిగించి ఓ అగరబత్తి పొగతో చూడండి. పొగ గదివైపు వస్తుంటే ముందు దాన్ని సరిచేయాలి.

ఆ గదిలో ముందే ఉన్నవి

వాష్ బేసిన్ తీసేయమని చాలామంది చెబుతారు. వద్దు. తెల్లవారి మొహం కడుక్కోవడానికి, పళ్లసెట్టు శుభ్రం చేసుకోవడానికి, మాత్రలు వేసుకోవడానికి మంచానికి దగ్గర్లో నీళ్లుండటం పెద్దవాళ్లకు ఎంత సుఖమో. ఇంట్లో మిగతావాళ్లు చేతులు కడుక్కోవడానికి వంటగది సింకో, యుటిలిటీలో చిన్న బేసినో చూసుకోవాలి. కింద పెడస్టల్ ఉంటే తీయించి బేసిన్‌ను గోడకి బిగించండి, కుర్చీ వేసుకుని కూర్చుని వాడుకోవడానికి మోకాళ్లకు చోటు వస్తుంది. తిప్పే కుళాయి బదులు లీవర్ కుళాయి. వేళ్లు వంగనివాళ్లు మోచేత్తో కూడా తెరవగలరు.

ఫ్రిజ్ మాత్రం బయటికి. రాత్రంతా గుర్రుమంటుంది, వేడి వదులుతుంది, పైగా ఎవరో ఒకరు తలుపు తీస్తూనే ఉంటారు.

టేబుల్ మీద వేలాడే షాండ్లియర్ ఇప్పుడు మంచం మీదికో, నడిచే దారిలోకో వస్తుంది. దాన్ని దింపేసి, ఆ పాయింటు ఫ్యాన్‌కి మార్చాలి. అయితే దీపం కొక్కెం ఫ్యాన్ బరువుకి వేసినది కాదు. స్లాబులో ఫ్యాన్ హుక్ బాక్సు ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి.

క్రాకరీ షోకేసు ఉంచుకోవచ్చు, గాజు తలుపులు తీయించి. నడుము నుంచి భుజం ఎత్తు వరకు ఉన్న అరల్లో రోజూ వాడే బట్టలు, మందులు. పై అరలు ఖాళీగా వదిలేయండి. అందులో ఏదైనా పెడితే స్టూలు ఎక్కుతారు.

కరెంటు పని

గోడలకి రంగు వేయకముందే ఇది అయిపోవాలి. మంచం మీద పడుకుని చెయ్యి చాపితే అందేలా ఒక స్విచ్ బోర్డు. దాంట్లో లైటు, ఫ్యాను, ఫోన్ చార్జర్ పాయింటు. అదే లైటుకి తలుపు దగ్గర ఇంకో స్విచ్, అంటే టూ-వే. ప్లగ్ పాయింట్లు నేలకి దగ్గరగా పెట్టే అలవాటు మానేసి రెండడుగుల ఎత్తులో పెట్టించండి, వంగక్కర్లేదు.

మంచం నుంచి బాత్రూమ్ దాకా నేలకి అడుగు ఎత్తులో చిన్న ఫుట్ లైట్లు, మనిషి కదిలితే వెలిగేవి. తలపైన పెద్ద లైటు వేస్తే కళ్లు చెదిరి అడుగు తడబడుతుంది. పసుపు వెలుగు పాదాల దగ్గర పడితే దారి కనిపిస్తుంది, తిరిగొచ్చి పడుకుంటే నిద్రా పడుతుంది.

నూటపది చదరపు అడుగుల గదికి ఒక టన్ను ఏసీ చాలు. దానికి మెయిన్ బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, సొంత ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతట అదే పడిపోయే స్విచ్). పాత డైనింగ్ రూమ్‌లో ఉన్న సన్నటి వైరుకి తగిలించకండి. గాలి తల మీద నేరుగా పడకుండా ఇండోర్ యూనిట్‌ను పక్క గోడకి పెట్టండి. బాత్రూమ్ గీజర్ లైనుతో సహా ఇంటికి 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే షాక్ కొట్టకుండా వెంటనే ఆపేసే స్విచ్) లేకపోతే ఇప్పుడే పెట్టించండి.

ఇన్వర్టర్ విషయం మన ఊళ్లో తేలిగ్గా తీసుకోకూడదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఎన్ని కాలనీలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయో ఇక్కడున్నవాళ్లకు తెలుసు. ఈ గది ఫ్యాను, ఒక లైటు, ఫుట్ లైట్లు, బాత్రూమ్ లైటు, చార్జర్ పాయింటు ఇన్వర్టర్ లైను మీద ఉండాలి. పాత ఫ్యాన్ 75 వాట్లు లాగితే తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ మోటారు ఫ్యాన్ 30 వాట్ల దగ్గర ఆగుతుంది. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీలో నిండుగా 1800 వాట్-అవర్లు ఉంటాయి. నష్టాలు పోగా మిగిలేది ఈ ఒక్క గదికే వాడితే రాత్రంతా ధైర్యంగా నడుస్తుంది. వైర్‌లెస్ కాలింగ్ బెల్లు రెండు కొనండి. ఒక బటన్ మంచం దగ్గర, ఇంకోటి బాత్రూమ్‌లో నేలకి అడుగు ఎత్తులో. పడిపోయిన మనిషికి అందేది ఆ ఎత్తే.

బాత్రూమ్: ఎక్కువ ఖర్చు ఇక్కడే పెట్టండి

బడ్జెట్ తక్కువైతే రంగులు, ఫాల్స్ సీలింగ్ వదిలేయండి గానీ ఇక్కడ తగ్గించొద్దు. ఇంట్లో తడి, సబ్బు, ఇరుకు అన్నీ ఒక్కచోట కలిసేది ఇక్కడే.

తలుపు లోపలికి తెరుచుకుంటే దాన్ని బయటికి తెరుచుకునేలా మార్చండి. లోపల పడిపోతే మనిషే తలుపుకి అడ్డుపడతారు, బయటివాళ్లు తీయలేరు. నీళ్లు బయటికి రాకుండా వేసే గ్రానైట్ గట్టు అంగుళం దాటితే దాని రెండు అంచులూ వాలుగా చెక్కించండి. లోపలి నేల దిగువన ఉంటే అంగుళానికి అడుగు చొప్పున వాలు చేయించాలి. రెండంగుళాల తేడాకి రెండడుగుల వాలు.

నేలకి మాట్ ఫినిష్ చిన్న టైల్స్ మంచివి. ముక్కలు చిన్నవైతే అతుకులు ఎక్కువ, అతుకులే పట్టు. మొత్తం పగలగొట్టే ఓపిక లేకపోతే యాంటీ స్కిడ్ కోటింగ్ వేయించండి, అడుగున రబ్బరు పట్టున్న మ్యాట్ పరవండి.

కమోడ్ మామూలుగా 15, 16 అంగుళాల ఎత్తుంటుంది. మోకాళ్ల నొప్పులున్నవారికి 17 నుంచి 19 ఉంటే లేవడం తేలిక. కమోడ్ మార్చక్కర్లేదు, పైన బిగించే రైజర్ సీట్లు మెడికల్ సామాన్ల షాపుల్లో దొరుకుతాయి. పక్కన గోడకి ఒక హ్యాండిల్, ఎదురుగా లేవడానికి ఇంకోటి. వాళ్లను కమోడ్ మీద కూర్చోబెట్టి, చెయ్యి సహజంగా ఎక్కడికి వెళ్తుందో చూసి అక్కడ గుర్తు పెట్టండి. ప్లంబర్ తన అంచనాతో బిగించేస్తానంటే ఆపండి. టైలు మీద తట్టి చూడండి, డొల్లగా మోగితే వెనక సిమెంటు లేదు, అక్కడ హ్యాండిల్ నిలవదు. ఇటుకలోకి దిగే యాంకర్ బోల్టులతో బిగించాక మీరే మీ బరువంతా వేసి లాగి చూడండి. టవల్ రాడ్డు ఎప్పటికీ హ్యాండిల్ కాదు, కానీ చేతికి అందితే దాన్నే పట్టుకుంటారు. అందుకని దాన్ని అక్కణ్ణించి తీసేయండి.

స్నానం మనవాళ్లకు బకెట్టు, మగ్గుతోనే తృప్తి. షవర్ అలవాటు చేసుకోమని బలవంతపెట్టొద్దు. బకెట్టు పెట్టడానికి ఒకటిన్నర అడుగుల ఎత్తు గట్టు కట్టించండి. కుళాయి నోరు ఆ బకెట్టుకి అర అడుగు పైన. కాళ్లకి రబ్బరు బుష్‌లున్న, చేతులున్న స్నానపు కుర్చీలో కూర్చుంటే వంగకుండా నీళ్లు పోసుకోవచ్చు. ప్లాస్టిక్ స్టూలు తడి నేల మీద జారుతుంది, అది వద్దు. గీజర్ థర్మోస్టాట్ 50 డిగ్రీల దగ్గర పెట్టి, ముందు చన్నీళ్లు పట్టి ఆ తర్వాత వేడినీళ్లు కలపడం అలవాటు చేయండి. పెద్దవాళ్ల చర్మానికి వేడి తెలిసేలోపే బొబ్బలెక్కుతుంది.

మంచం ఎటు, తల ఎటు

నిగనిగలాడే వెట్రిఫైడ్ టైల్స్ ఉన్న గదిలో బేసిన్ దగ్గర నీటిచుక్కలు పడటం ఖాయం. అక్కడ రబ్బరు మ్యాట్. తక్కినచోట్ల కార్పెట్లు, డోర్ మ్యాట్లు ఏవీ వద్దు, అంచు మడతపడి కాలికి తగులుతుంది.

మంచం ఎత్తు: కూర్చుంటే పాదాలు నేలకి పూర్తిగా ఆనాలి, తొడలు నేలకి సమాంతరంగా ఉండాలి. పరుపుతో కలిపి 18 నుంచి 20 అంగుళాలు చాలామందికి సరిపోతుంది. మరీ మెత్తటి ఫోమ్ పరుపులో మనిషి కూరుకుపోతారు, లేవలేరు. గట్టి కొబ్బరిపీచు పరుపు మేలు. మంచానికి ఒకవైపైనా మూడడుగుల ఖాళీ వదలండి. బాత్రూమ్ దారివైపే ఆ ఖాళీ ఉండాలి. వీల్‌చెయిర్ వాడుతుంటే అది తిరగడానికి ఐదడుగుల చోటు కావాలి.

తల ఎటు పెట్టుకోవాలన్నది వాళ్లనే అడగండి. ఉత్తరం వైపు తల పెట్టనివాళ్లే ఎక్కువ. దేవుడి గూడు డైనింగ్ రూమ్ మూలలోనే ఉండే ఇళ్లు చాలా ఉన్నాయి. అటువైపు కాళ్లు చాపి పడుకోమంటే ఏ అమ్మా పడుకోదు, ముడుచుకుని పడుకుంటుంది. గూడునైనా మార్చాలి, మంచాన్నైనా తిప్పాలి. మీ నమ్మకాలు ఎలా ఉన్నా నిద్రపోవాల్సింది వాళ్లు. "అమ్మా, ఇలా అయితే నీకు గేటు కనబడుతుంది, అలా అయితే కిటికీ గాలి వస్తుంది, ఏది కావాలి?" అని అడిగి, రెండు రోజులు అలా, రెండు రోజులు ఇలా వేసి చూడండి. ఆ తర్వాతే బెడ్ పక్క స్విచ్ బోర్డు ఎక్కడ రావాలో ఎలక్ట్రీషియన్‌కి చెప్పండి.

సముద్రపు గాలి, తేమ

బీచ్ రోడ్డు చుట్టుపక్కల ఉండేవాళ్లు ఇనుముతో చేసే ఏ పనైనా రెండుసార్లు ఆలోచించాలి. ఉప్పుగాలి స్టీల్‌ని కూడా వదలదు. మామూలుగా అమ్మే 304 గ్రేడు స్టీల్ మీద కొన్నాళ్లకి గోధుమరంగు మచ్చలు వస్తాయి. సముద్రానికి దగ్గరైతే హ్యాండిళ్లు, స్క్రూలు 316 గ్రేడువి అడగండి, అందులో ఉండే మాలిబ్డినం ఉప్పుకి తట్టుకుంటుంది. హ్యాండిల్ మంచిదై స్క్రూ ఇనుపదైతే ప్రయోజనం లేదు. దోమల జాలీ ఫైబర్‌దో స్టీల్‌దో వేయించండి. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ కాయిల్ రాగిదై, రక్షణ పూత ఉండాలి.

బేసిన్ చుట్టూ చేసే చెక్కపనికి ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైవుడ్, అంటే నీటిని తట్టుకునే మెరైన్ రకం వాడండి, మామూలు ఐఎస్ 303 ముద్రలో ఎంఆర్ అని రాసి ఉండే రకం తేమకి ఉబ్బుతుంది. పోర్టు వైపు, కాన్వెంట్ జంక్షన్ పరిసరాల్లో ఉండేవాళ్లకు నల్లటి ధూళి సమస్య ఉంటుంది. కిటికీకి విప్పి కడుక్కునే జాలీ ఉంటే మంచిది. సముద్రం వైపు పెద్ద గాజు కిటికీ ఉన్న గదిలో మంచం దానికి ఆనించొద్దు. ఈదురుగాలికి గాజు పగిలితే ముక్కలు పడేది మంచం మీదే.

పని ఎప్పుడు, ఏ వరుసలో

జనవరి నుంచి మార్చి మధ్య చేయించుకోండి. గోడలు బాగా ఆరతాయి, పుట్టీ, రంగు నిలుస్తాయి. వానల్లో తడి ఆరని ప్లాస్టర్ మీద రంగు వేస్తే బుడగలు లేస్తాయి. అక్టోబర్, నవంబర్ తుపాన్ల కాలంలో కిటికీలు విప్పే పని పెట్టుకోవద్దు. ముందు బాత్రూమ్, తర్వాత వైరింగ్, ప్లంబింగ్, ఆపైన గోడ, తలుపు, చివర రంగు. వాసన తక్కువ ఉండే రంగు తీసుకుని, వేశాక కనీసం వారం రోజులు కిటికీలు తెరిచి ఉంచండి. ఆ వాసనతో పెద్దవాళ్లను లోపలికి పంపొద్దు.

వాళ్లు గదిలోకి మారాక మొదటి కొన్ని రాత్రులు ఇంట్లో ఎవరో ఒకరు హాల్లో పడుకోండి. కొత్త చోట రాత్రి లేచినప్పుడు పాత గది దిక్కులే గుర్తొస్తాయి, బాత్రూమ్ అనుకుని గోడవైపు నడుస్తారు. ఫుట్ లైట్లు సరైన చోట పడుతున్నాయా, రైలు అందుతోందా అప్పుడే తెలుస్తుంది. ఏదైనా మార్చాల్సి వస్తే వెంటనే మార్చేయండి. మూడు నెలలకోసారి హ్యాండిళ్లన్నీ గట్టిగా ఊపి చూడండి, బోల్టులు బిగించండి, కుర్చీ కాళ్ల రబ్బరు బుష్‌లు అరిగితే కొత్తవి వేయండి, కాలింగ్ బెల్లుల బ్యాటరీలు మార్చండి.